లైన్ లెక్క: కృత్రిమ మేధ, తెలుగు విలేకరి

తెలుగు దినపత్రికలకు మండలాల నుంచి వార్తలు రాసేవారిలో ఎక్కువమంది నెలజీతం మీద పనిచేసే ఉద్యోగులు కారు. పత్రికా కార్యాలయం వారిని కంట్రిబ్యూటర్లు అంటుంది. ఊరు మాత్రం విలేకరులనే పిలుస్తుంది. వారికి ముట్టే సొమ్మును నిర్ణయించే పాత పద్ధతికి లైన్ అకౌంట్ అని పేరు. నెల రోజుల్లో విలేకరి పంపిన వార్తల్లో అచ్చయినవాటిని లెక్కకు తీసుకుని, లైన్ల చొప్పున గానీ కాలమ్ సెంటీమీటర్ల చొప్పున గానీ కొలిచి, లైనుకు ఇంత అని కట్టి ఇవ్వడమే ఆ పద్ధతి. కొన్ని యాజమాన్యాలు దాని స్థానంలో చిన్నపాటి గౌరవ వేతనం పెట్టినా, విలేకరి పని విలువను అచ్చయిన అక్షరంతోనే కొలవాలన్న ఆలోచన మాత్రం మారలేదు. వార్త కోసం తిరిగిన దూరం, ఎదురుచూసిన గంటలు, వార్త రాసినందుకు ఎదురైన బెదిరింపు, రాయకుండా వదిలేసిన అబద్ధం ఆ కొలతలోకి ఎన్నడూ రాలేదు.

కృత్రిమ మేధ, అంటే పత్రికలు ఏఐ అని రాసే సాంకేతికత, సంప్రదాయ వార్తా మాధ్యమాల్లో జర్నలిస్టుల ఉపాధిని ఏం చేస్తోందన్న చర్చ సాధారణంగా మహానగరాల న్యూస్‌రూముల చుట్టూ తిరుగుతుంది. సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న నారాయణఖేడ్ వంటి చోట నిలబడి చూసినప్పుడు ఈ చర్చకు మరో ముఖం కనిపిస్తుంది. అక్షరాన్ని దాదాపు ఉచితంగా, ఎంత కావాలంటే అంత ఉత్పత్తి చేయగల యంత్రం వచ్చిన తరువాత, అక్షరాల లెక్కన కూలి కట్టే వృత్తి ఏమవుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఒక పూర్వచరిత్ర ఉంది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టింది. మిగిలిన పత్రికలకూ ఆ బాట పట్టక తప్పలేదు. రోజూ జిల్లా పేజీలు నింపాలంటే ప్రతి మండలంలోనూ ఒక మనిషి కావాలి. ఆ విధంగా ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు, బీమా ఏజెంట్లు, చదువు ముగించి పని దొరకని యువకులు విలేకరులయ్యారు. తొలి రోజుల్లో నారాయణఖేడ్ విలేకరులు చేతిరాత కాగితాలను కవరులో పెట్టి, సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ వెళ్లే బస్సులో వేసేవారు. ఆ తరువాత ఫ్యాక్స్ వచ్చింది, మోడెం వచ్చింది, ఈమెయిల్ వచ్చింది, చివరకు వాట్సాప్ వచ్చింది. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చిన కంపోజిటర్ స్థానంలోకి డీటీపీ ఆపరేటర్ వచ్చాడు. విలేకరి స్వయంగా టైపు చేసి పంపడం మొదలయ్యాక డీటీపీ ఆపరేటర్ అవసరమూ తగ్గిపోయింది. అచ్చుతప్పులు దిద్దే ప్రూఫ్‌రీడర్ పని సబ్ ఎడిటర్ నెత్తిన పడింది. ఫొటో, వీడియో తీసే పని కూడా విలేకరి చేతిలోని సెల్‌ఫోనుకు చేరింది.

ఈ వరుసలో గమనించదగినది ఒకటుంది. ప్రతి యంత్రమూ ఒక ఉద్యోగాన్ని తీసేసినప్పుడు ఆ ఉద్యోగపు పని పూర్తిగా మాయం కాలేదు; దానిలో మిగిలిన భాగం కింది మెట్టులో ఉన్నవాడి మీదికి జారింది, కూలి మాత్రం దానితోపాటు జారి రాలేదు. టైపు చేసినందుకు విలేకరికి అదనంగా లైను కట్టిన పత్రిక అరుదు. కృత్రిమ మేధ ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు ఎన్ని ఉద్యోగాలు పోతాయన్న లెక్క ఒక్కటే వేస్తే ఈ జారుడు కనిపించకుండా పోతుంది.

ఇప్పుడు చర్చలో ఉన్న సాంకేతికత భాషను పుట్టించే యంత్రం. కోట్లాది వాక్యాలను చదివించి, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో లెక్కగట్టడం నేర్పిన కంప్యూటర్ వ్యవస్థను భాషా నమూనా అంటారు. అది పాఠాన్ని అక్షరాలుగానో పదాలుగానో కాక, టోకెన్లు అనే ముక్కలుగా విడగొట్టి చదువుతుంది. వాడకందారు చెల్లించే ధర కూడా టోకెన్ల లెక్కనే ఉంటుంది. విలేకరికి లైన్ లెక్క ఉన్నట్టే యంత్రానికి టోకెన్ లెక్క ఉందన్నమాట. చాలాకాలం ఈ లెక్క తెలుగుకు ప్రతికూలంగా ఉండేది. ఇంగ్లిష్ వాక్యం కొద్ది టోకెన్లలో ఇమిడిపోతే, అదే భావం గల తెలుగు వాక్యం అంతకు ఎన్నో రెట్లు టోకెన్లుగా చిట్లిపోయేది. 2024 మేలో ఓపెన్ఏఐ సంస్థ జీపీటీ-4ఓ అనే నమూనాను విడుదల చేస్తూ ఇచ్చిన ఉదాహరణలో, అంతకుముందు 159 టోకెన్లు పట్టిన తెలుగు పాఠం 45 టోకెన్లలో సరిపోయింది. మరాఠీలో 96 ఉన్నది 33కి, ఉర్దూలో 82 ఉన్నది 33కి తగ్గింది. ఈ అంకెలు సాంకేతిక నిపుణులకే ఆసక్తి కలిగించేవిగా కనిపించినా, తెలుగు డెస్కుకు వాటి అర్థం సూటిగానే ఉంది. యంత్రపు తెలుగు ఖరీదైనదిగా, నెమ్మదిగా ఉన్నన్నాళ్లు సబ్ ఎడిటర్‌కు దొరికిన తెలియని రక్షణ ఒకటి ఆ రోజుతో సన్నగిల్లింది.

డెస్కు అంటే విలేకరులు పంపిన వార్తలను దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో అమర్చే విభాగం. తెలుగు పత్రికా డెస్కులో మొదటి నుంచీ ప్రధానమైన పని అనువాదం. వార్తా సంస్థల నుంచి ఇంగ్లిష్‌లో వచ్చే కథనాలను రాత్రి ఎడిషన్ వేళకు తెలుగు చేసి అందించగలిగినవాడే మంచి సబ్ ఎడిటర్ అనిపించుకునేవాడు. పత్రికలు నడిపిన జర్నలిజం పాఠశాలల్లోనూ అనువాదానికి పెద్దపీట ఉండేది. సరిగ్గా ఆ పనినే యంత్రం అన్నిటికంటె ముందు, అన్నిటికంటె చౌకగా చేయగలుగుతోంది. ముసాయిదా అనువాదం యంత్రానిది, దిద్దుబాటు మనిషిది అన్న ఏర్పాటులో పది మంది పని నలుగురితో సరిపెట్టవచ్చునని యాజమాన్యానికి తోచడం సహజం. ఆ తగ్గింపు ఎప్పుడూ తొలగింపు ఉత్తర్వు రూపంలో రాదు. పదవీ విరమణ చేసినవారి స్థానం నింపకపోవడం, కొత్త శిక్షణార్థుల బ్యాచ్‌ను వాయిదా వేయడం, రెండు జిల్లాల డెస్కులను ఒకటి చేయడం వంటి రూపాల్లో వస్తుంది. అందువల్ల ఏఐ మూలంగా పోయిన ఉద్యోగాల సంఖ్య అడిగితే ఏ సంస్థా చెప్పనక్కర లేకుండా పోతుంది.

విదేశాల్లో కొన్ని సంస్థలు ఈ విషయాన్ని బాహాటంగానే చెప్పాయి. 2020 మే నెలాఖరులో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్ఎన్ వార్తా పేజీలకు కథనాలు ఎంపిక చేసే కాంట్రాక్టు జర్నలిస్టులను అమెరికాలో సుమారు 50 మందిని, బ్రిటన్‌లో 27 మందిని వదులుకుని ఆ పనిని యంత్రానికి అప్పగించింది; కొద్ది రోజులకే ఆ యంత్రం ఒక గాయనిపై వచ్చిన వార్తకు అదే బృందంలోని మరో గాయని ఫొటో తగిలించింది. 2023 జూన్‌లో జర్మనీలోని బిల్డ్ పత్రిక సుమారు 200 ఉద్యోగాలను తగ్గించుకునే ప్రణాళికను ప్రకటిస్తూ, ఏఐ చేయగల పనుల్లో ఉన్నవారితో విడిపోక తప్పదని సిబ్బందికి తెలిపింది. అదే ఏడాది ఆరంభంలో అమెరికాలోని సీనెట్ వార్తా వేదిక యంత్రంతో రాయించిన 77 వ్యాసాల్లో 41 వ్యాసాలకు సవరణలు వేసుకోవలసి వచ్చింది. మనుషులను తీసేయడంలో ఉన్న తొందర, తీసేసిన మనుషులు చేసిన పని ఏమిటో తెలుసుకోవడంలో లేదని ఈ ఉదంతాలు చెబుతాయి.

అయితే పత్రికల కష్టాలన్నిటినీ ఏఐ ఖాతాలో వేయడం న్యాయం కాదు. 2020 లాక్‌డౌన్ కాలంలో తెలుగు పత్రికలు పేజీలు తగ్గించుకున్నప్పుడు, విలేకరులూ సబ్ ఎడిటర్లూ ఇంటిదారి పట్టినప్పుడు, భాషను పుట్టించే యంత్రాలు ఇంకా న్యూస్‌రూముకు చేరలేదు. ప్రకటనల రాబడి పడిపోవడం, పాఠకుడు సెల్‌ఫోనుకు మళ్లడం, వే2న్యూస్ వంటి పొట్టివార్తల యాప్‌లు మండల స్థాయి వార్తను నిమిషాల్లో అందించడం అప్పటికే పునాదిని కదిలించాయి. ఏఐ ఖాళీ ఇంట్లోకి వచ్చిన కొత్త అతిథి కాదు. అప్పటికే అప్పుల్లో ఉన్న ఇంట్లోకి వచ్చింది. యాజమాన్యం దాన్ని ఆహ్వానించిన తొందరకు కారణం అదే.

టెలివిజన్‌లో మార్పు కంటికి కనిపించే రూపం తీసుకుంది. 2018 నవంబరులో చైనా ప్రభుత్వ వార్తా సంస్థ షిన్‌హువా ఏఐ వ్యాఖ్యాతను చూపింది. మన దేశంలో 2023లో ఆజ్‌తక్ సనా అనే యంత్ర వ్యాఖ్యాతను, ఒడిశాలోని ఓటీవీ లీసాను, తెలుగులో బిగ్ టీవీ మాయను తెరమీదికి తెచ్చాయి. 2024 మేలో దూరదర్శన్ కిసాన్ ఛానెల్ క్రిష్, భూమి అనే ఇద్దరిని ప్రవేశపెట్టి, వారు 50 భాషల్లో మాట్లాడగలరని ప్రకటించింది. ఈ బొమ్మలు ఎవరి కొలువునైనా నేరుగా తీసుకున్నాయా అన్నదానికంటె, స్టూడియోలో కూర్చుని వార్త చదవడం ఎంత సులభంగా వేరుచేయదగిన పనో అవి నిరూపించడమే ముఖ్యం. వార్త ఎక్కడినుంచి వచ్చిందో తెలియని వ్యాఖ్యాతకు, వార్త అంటే ఏమిటో తెలియని బొమ్మకు మధ్య దూరాన్ని ఛానెళ్లే ఏళ్ల తరబడి తగ్గిస్తూ వచ్చాయన్నది కాస్త చేదుగా ఉన్నా ఒప్పుకోవలసిన సంగతి.

రేడియోకు సంబంధించిన ఉదాహరణ పోలండ్‌లో దొరుకుతుంది. 2024 అక్టోబరులో క్రాకోవ్ నగరంలోని ఆఫ్ రేడియో క్రాకోవ్ అనే ప్రజాప్రసార కేంద్రం, తాను వదులుకున్న వ్యాఖ్యాతల స్థానంలో ఏఐతో తయారుచేసిన పాత్రలను నిలిపింది. వాటిలో ఒక పాత్ర నోబెల్ పురస్కారం పొందిన కవయిత్రి విస్లావా షింబోర్స్కాతో ముఖాముఖి నిర్వహించింది. ఆమె 2012లోనే కన్నుమూశారు. మరణించిన మనిషి నోట ఆమె అనని మాటలు పలికించడంపై దేశమంతా నిరసన రేగడంతో, మూడు నెలలు సాగవలసిన ఆ ప్రయోగాన్ని దాదాపు వారంలోనే ఆపేశారు. శ్రోత రేడియోను నమ్మేది గొంతు తీయగా ఉన్నందుకు కాదు. ఆ గొంతు వెనుక తప్పు చెబితే తలవంచుకోవలసిన ఒక మనిషి ఉన్నందుకు. క్రాకోవ్ శ్రోతలు అడిగినది ఆ మనిషి గురించే.

ఇక నారాయణఖేడ్ వైపు తిరిగితే పరిస్థితి మరింత చిక్కుగా కనిపిస్తుంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. చుట్టూ కంగ్టి, మనూర్, నాగల్‌గిద్ద, కల్హేర్, సిర్గాపూర్ మండలాలు, వాటి నిండా తండాలు. తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ వినిపించే సంతలు. స్థానికులకూ స్థానిక పేజీలకూ ఇది ఉత్త ఖేడ్. ఆ మాట శీర్షికలో ఎక్కడి ఖేడ్‌ను సూచిస్తుందో జిల్లా డెస్కులోని కొత్త సబ్ ఎడిటర్‌కు కూడా రెండో రోజుకు తెలిసిపోతుంది. మహారాష్ట్రలో పుణె జిల్లాలో ఒక ఖేడ్, రత్నగిరి జిల్లాలో మరో ఖేడ్ ఉన్నాయి. వాటి గురించిన పాఠాలు ఎక్కువగా చదివిన యంత్రం పొరబడడానికి అదొక్కటే చాలు.

ఇంతకంటె లోతైన ఉదాహరణ భూమి లెక్కలో ఉంది. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు. పట్టాదారు పుస్తకంలో, దాన్ని చూసి రాసిన వార్తలో 2.20 ఎకరాలు అని ఉంటే దాని అర్థం రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఇక్కడ చుక్క దశాంశ బిందువు కాదు; ఎకరాలనూ గుంటలనూ విడదీసే గుర్తు మాత్రమే. ఒక రైతుకు 2.20, అతని తమ్ముడికి 1.30 ఎకరాలు ఉన్నాయని విలేకరి రాస్తే, ఇద్దరిదీ కలిపి 4.10 అని ఖేడ్‌లో టీకొట్టు దగ్గర కూర్చున్న పెద్దమనిషి చెప్పగలడు. ఇరవై, ముప్ఫై కలిపి యాభై గుంటలు, అందులో నలభై పోయి ఒక ఎకరం, మిగిలినవి పది గుంటలు. దశాంశ పద్ధతికి అలవాటుపడిన యంత్రం దాన్ని 3.50 చేసే ప్రమాదం ఉంది. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు రెండున్నర ఎకరాలను రెండుంబావు కంటె తక్కువగా రాసే ప్రమాదమూ ఉంది. భూమి తగాదా వార్తలో ఆ తేడా అచ్చుతప్పు కింద పోదు, కోర్టు దాకా పోతుంది. ఇటువంటి తప్పును పట్టుకునేది స్థానికంగా పెరిగిన సబ్ ఎడిటర్. రెండు డెస్కులను ఒకటి చేసినప్పుడు పోయేది ఆ జ్ఞానమే; దానికి ఏ పత్రిక పద్దుల్లోనూ ఒక శీర్షిక లేదు.

యంత్రం మూలాన్ని అనుమానించదన్నది దీనికి అనుబంధమైన సంగతి. లాస్ ఏంజిలెస్ టైమ్స్‌లో భూకంప హెచ్చరికలను క్షణాల్లో వార్తగా మార్చే క్వేక్‌బాట్ అనే ప్రోగ్రాం 2014 నుంచి ప్రశంసలు అందుకుంది. 2017 జూన్‌లో, 1925లో శాంటా బార్బరాలో వచ్చిన భూకంపం వివరాలను అధికారులు సవరిస్తుండగా పొరపాటున వెలువడిన హెచ్చరికను అది ఆనాటి వార్తగానే ప్రచురించింది. మండల కేంద్రంలో ఈ స్వభావం మరో రూపం తీసుకోగలదు. రాజకీయ నాయకుల కార్యాలయాల నుంచి, ప్రభుత్వ శాఖల నుంచి ప్రెస్ నోట్లు విలేకరుల వాట్సాప్ గ్రూపులో పడతాయి. వాటిని ఏఐ సాధనంలో వేస్తే శీర్షికతో సహా చక్కటి వార్త తయారవుతుంది. ప్రతి విలేకరీ అదే పని చేసిన రోజున పత్రికలన్నీ ఒకే వాక్యాన్ని కాస్త అటూ ఇటూ మార్చి అచ్చువేస్తాయి. లైన్ల లెక్కన చూస్తే ఆ విలేకరి దినసరి సంపాదన పెరిగినట్టే కనిపిస్తుంది. కానీ ఆ పనికి విలేకరి అవసరమేమిటని, ప్రెస్ నోటు నేరుగా డెస్కులోని యంత్రానికే పంపవచ్చు కదా అని యాజమాన్యం అడిగే రోజు అంత దూరంలో ఉండదు. లైను కోసం యంత్రాన్ని వాడుకున్న విలేకరి తన అవసరాన్ని తానే తగ్గించుకున్నవాడవుతాడు. అయినా తప్పు అతనిది అనడానికి వీల్లేదు, ఎందుకంటే లైనుకు తప్ప మరి దేనికీ అతనికి ఎవరూ డబ్బు కట్టలేదు.

యంత్రం నేర్చుకున్న తెలుగు ఎవరి తెలుగన్నది ఆలోచించదగిన విషయం. మద్రాసు ఐఐటీకి చెందిన ఏఐ4భారత్ బృందం 2020లో తయారుచేసిన ఇండిక్‌కార్ప్ అనే భారతీయ భాషల పాఠసంచయంలో అధికభాగం వార్తా వెబ్‌సైట్ల నుంచి సేకరించినదే. పత్రికాభాషను చదివి పెరిగిన యంత్రం పత్రికాభాషనే సునాయాసంగా రాస్తుంది. యాభై ఏళ్లుగా డెస్కులు ప్రతి ప్రాంతపు పలుకునూ చదునుచేసి, ఒకే మూసలో పోసి, హర్షం వ్యక్తం చేశారు, ఘన నివాళులర్పించారు వంటి అచ్చుల్లో దించిన వాక్యమే ఇవాళ యంత్రానికి అత్యంత తేలిక. పత్రికలు తమ శైలిని ఎంత యాంత్రికం చేసుకున్నాయో యంత్రం అంత సులభంగా వాటిని అనుకరించగలుగుతోంది.

దీనికి ఎదురుగా ఉన్న ఉదాహరణ అదే జిల్లాలో, జహీరాబాద్ దగ్గరి మాచనూరులో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలుపెట్టిన సంఘం రేడియో, దేశంలో లైసెన్సు పొందిన తొలి గ్రామీణ సామాజిక రేడియో కేంద్రాల్లో ఒకటి. సామాజిక రేడియో అంటే ఒక ప్రాంత ప్రజలే తమ కోసం నడుపుకునే తక్కువ పరిధి గల ప్రసార కేంద్రం. దాన్ని నడిపినవారు దళిత రైతు మహిళలు. వారు రికార్డు చేసినది జొన్న, సజ్జ, విత్తనం, పాట, పంటల పండుగ. వాడినది చుట్టుపక్కల ఊళ్ల మాట. ప్రభుత్వ విధానం ప్రకారం ఆకాశవాణి వార్తలు తప్ప సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి సామాజిక రేడియోలకు లేదు. ఏ భాషా నమూనాకూ సులభంగా చిక్కని పలుకు ఉన్నచోట వార్త చెప్పే హక్కు లేదు. వార్త చెప్పే హక్కు ఉన్న పత్రికల పలుకును యంత్రం అప్పుడే పట్టేసింది. లిపి లేని లంబాడీలో ఒక తండా మహిళ చెప్పిన ఫిర్యాదును ఖేడ్ విలేకరి విని, అర్థం చేసుకుని, తెలుగులో రాయగలగడం ఈ దృష్టితో చూస్తే చిన్న విషయం కాదు.

విలేకరి పనిలో రాత ఒక భాగం మాత్రమేనని చాటిన సంఘటన 2025 వసంతంలో హైదరాబాద్‌లో జరిగింది. కంచ గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లో యంత్రాలతో చెట్లు తొలగిస్తున్నారన్న వార్తతోపాటు, బుల్డోజర్ల ముందు పరుగెడుతున్న జింకలు, నెమళ్ల చిత్రాలు సామాజిక మాధ్యమాలను ముంచెత్తాయి. వాటిలో కొన్ని ఏఐతో తయారుచేసినవి. ప్రభుత్వం ఆ చిత్రాలను ఎత్తిచూపి ప్రచారాన్ని ఖండించింది. వాటిని పంచుకున్నవారికి పోలీసులు నోటీసులు కూడా ఇచ్చారు. బొమ్మ బూటకమైతే కథ కూడా బూటకమేనని కొందరు, కథ నిజం గనుక బొమ్మ ఎలా ఉన్నా ఫరవాలేదని మరికొందరు వాదించారు. రెండు వాదనలూ సమానంగా ప్రమాదకరమైనవే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పత్రికా వార్తల ఆధారంగా విషయాన్ని తనంత తానుగా విచారణకు స్వీకరించి, తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్‌ను అప్పటికప్పుడే ఆ స్థలానికి వెళ్లి చూసి నివేదిక ఇవ్వమని ఆదేశించింది. ఆయన వెళ్లారు, భారీ యంత్రాలతో సుమారు 100 ఎకరాల మేర చెట్లు తొలగించారని, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయని నివేదించారు. కోర్టు పనులు ఆపించింది.

దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆ రోజు చేసినది ఒక ఎడిటర్ రోజూ చేసే పనే: నమ్మదగిన మనిషిని స్థలానికి పంపింది. లక్షల చిత్రాలు అందుబాటులో ఉన్న సమయంలో విలువ తెచ్చుకున్నది, పేరూ హోదా ఉండి, తన నివేదికకు తాను జవాబుదారీ వహించే ఒక వ్యక్తి అక్కడ నిలబడి చూడడం. మండల విలేకరి అమ్మగలిగింది నిజానికి ఇదే సరుకు. లైన్ అకౌంట్‌లో దానికి మాత్రం ధర రాసి లేదు. స్థలానికి వెళ్లి, ఏమీ జరగలేదని తేల్చుకుని, పుకారును ఆపిన విలేకరికి ఆ రోజు లైన్లు సున్నా.

రాబడి వైపు నుంచి కూడా ఒత్తిడి పెరుగుతోంది. వెతుకులాట యంత్రాలు ఇప్పుడు లింకుల జాబితాకు బదులు ఏఐ రాసిన సారాంశాన్ని పైన చూపుతున్నాయి. అమెరికాలో ప్యూ పరిశోధన కేంద్రం 2025లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, సారాంశం కనిపించిన సందర్భాల్లో వాడకందారులు మామూలు ఫలితాల్లోని లింకు నొక్కినది 8 శాతం మాత్రమే. సారాంశం లేనప్పుడు అది 15 శాతం. బీబీసీ, యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ కలిసి 18 దేశాల్లో 14 భాషల్లో జరిపి 2025 అక్టోబరులో వెల్లడించిన మరో అధ్యయనంలో, వార్తలపై ఏఐ సహాయకులు ఇచ్చిన జవాబుల్లో 45 శాతం కనీసం ఒక ముఖ్యమైన లోపంతో ఉన్నాయి. పాఠకుడు పత్రిక గడప తొక్కకుండానే వెళ్లిపోతున్నాడు, తీసుకువెళ్లినది కూడా దాదాపు సగం సందర్భాల్లో సరైనది కాదు.

ఆ సారాంశాలకు ముడిసరుకు పత్రికలదే కనుక పరిహారం ఇవ్వాలన్న వాదన న్యాయస్థానాలకు చేరింది. 2023 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ అమెరికాలో, 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తా సంస్థ ఢిల్లీ హైకోర్టులో ఓపెన్ఏఐపై దావాలు వేశాయి. ఈ దావాల్లో గెలిచినా, వచ్చే సొమ్ములో వార్తను మొదట రాసిన కంట్రిబ్యూటర్‌కు వాటా ఉంటుందా అన్నది ఇప్పటివరకు ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌ను చదివితే ఒక వింత బయటపడుతుంది. ఉద్యోగ ఒప్పందం కింద పత్రికలో పనిచేసే ఉద్యోగి రాసిన రచనపై, పత్రికలో ప్రచురించడానికి సంబంధించినంత వరకు, వేరే ఒప్పందం లేనప్పుడు యజమానే తొలి హక్కుదారు. మిగతా విషయాల్లో రచయితే హక్కుదారు. కంట్రిబ్యూటర్ తమ ఉద్యోగి కాడని యాజమాన్యాలు ఏళ్లుగా చెబుతున్నాయి. ఆ మాటనే నిజమని ఒప్పుకుంటే, అతను రాతపూర్వకంగా రాసి ఇవ్వనంతవరకు, అతని వార్తలపై హక్కు అతనిదే అన్న వాదనకు దారి ఏర్పడుతుంది. వేతనం అడిగినప్పుడు పనికొచ్చిన వాదన యంత్రాలకు పాఠాలు అమ్ముకునేటప్పుడు ఎదురు తిరగవచ్చు.

ఉద్యోగి అనిపించుకోవడం మాత్రం అంత సులభం కాదు. పత్రికా సిబ్బంది సేవా నిబంధనల కోసం 1955లో చేసిన వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, ఎవరి ప్రధాన వృత్తి పాత్రికేయమో వారినే వర్కింగ్ జర్నలిస్టుగా గుర్తించింది. ఎడిటర్ మొదలుకొని ప్రూఫ్‌రీడర్ దాకా ఒక జాబితా కూడా ఇచ్చింది. ఆ చట్టం స్థానంలోకి 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చి 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. అది టెలివిజన్, డిజిటల్ మాధ్యమాలను కూడా కలుపుకుంది, పార్ట్‌టైమ్ పనిని కాదనలేదు, న్యూస్‌రూముల నుంచి దాదాపు కనుమరుగైన ప్రూఫ్‌రీడర్‌ను జాబితాలో అలాగే ఉంచింది. ప్రధాన వృత్తి అన్న షరతునూ అలాగే ఉంచింది. ఖేడ్ విలేకరికి లైన్ అకౌంట్ మీద ఇల్లు గడవదు కనుక పక్కన ఒక దుకాణమో, రెండెకరాల సేద్యమో, బీమా ఏజెన్సీయో ఉంటుంది. డెస్కులోని యంత్రం ప్రెస్ నోట్లను నేరుగా వార్తలుగా మార్చడం మొదలుపెడితే అతని లైన్లు తగ్గుతాయి. లైన్లు తగ్గిన మేరకు అతను దుకాణం మీద ఎక్కువ ఆధారపడతాడు. దుకాణం మీద ఎక్కువ ఆధారపడిన మేరకు పాత్రికేయం అతని ప్రధాన వృత్తి కాదని లేబర్ కోర్టులో యాజమాన్యం తరఫు న్యాయవాది నిరూపించడం తేలికవుతుంది. దుకాణం రసీదుల పుస్తకం, లైన్ అకౌంట్ చెల్లింపుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూపితే ఆయనకు సరిపోతుంది.